నడవ మూలలో తడి

గాజు మీద కట్టర్ పెట్టాక అద్దాలమ్మను ఎవరూ పలకరించరు. మా కొట్ల వరసలో అందరికీ తెలిసిన సంగతే. గీత మొదలుపెట్టాక ఊపిరి బిగబట్టి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒక్క లాగుడులో లాగాలి. మధ్యలో ఆగినా, అదే గీత మీద రెండోసారి కట్టర్ నడిపినా గాజు మాట వినదు, తనకు తోచిన దారిన పగులుతుంది. ఈ పని ఆమెకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. వాళ్ళూ వీళ్ళూ పారేసిన కిటికీ అద్దాలు ఏరి తెచ్చుకుని, వేళ్ళు కోసుకుంటూ తనే నేర్చుకుంది. ఇరవై రెండేళ్ళుగా అదే పని. కింద కొట్టు, పైన కాపురం.

కుక్కపిల్ల గాజు పెట్టెలో వచ్చింది. కొత్త సరుకు దింపిన రోజు చెక్క పెట్టె మూత తీస్తే, పలకల మధ్య కుక్కిన గడ్డిలో రెండు నెలల పిల్ల ముడుచుకుని నిద్రపోతోంది. లారీ డ్రైవర్ని అడిగితే, నేను ఎక్కించింది గాజే, కుక్క సంగతి నాకు తెలీదు అని చేతులు దులుపుకున్నాడు. ఎత్తుకోబోతే అది గుర్రుమని పెట్టె అంచు పట్టుకుని వదల్లేదు. అందుకని దానికి పెంకి అని పేరు పెట్టింది. అప్పటిదాకా ఆమె ఏ ప్రాణినీ పెంచలేదు. పెంచాలనీ అనుకోలేదు. ఆ పూట కొట్టు అరగంట ముందే కట్టేసి, పెంకిని కొంగులో చుట్టుకుని మెట్లెక్కింది.

భర్త బస్సు డ్రైవరు. రోజంతా జనం అరుపుల మధ్య బండి తోలి వచ్చే మనిషికి ఇంట్లో కావలసింది ఒక్కటే, కాలు పెట్టిన చోట పొడిగా ఉండటం. మూడో రోజు పొద్దున డ్యూటీకి బయల్దేరుతూ బూటులో కాలు పెట్టాడు. బూటు పొడిగా లేదు.

సరిగ్గా ఆ వారమే ఆయన అక్క వచ్చి దిగింది. అద్దాలమ్మకు వదిన. టెలిఫోన్ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు ఆపరేటరుగా పనిచేసి రిటైరైన మనిషి. గొంతు మెత్తన, మాట తీపి, వినేవాళ్ళుండాలే గానీ పూటకు పూట మాట్లాడగలదు. ఊరి చివర సొంత ఇల్లుంది, పెద్ద పెరడుంది. ఇంటి కప్పు కారుతోందని విప్పి కొత్తది వేయిస్తోంది. పని అయ్యేసరికి నెల పడుతుందన్నాడు మేస్త్రీ. ఆ నెలా తమ్ముడింట్లో ఉండడానికి రెండు సంచులతో వచ్చింది.

బూటు సంగతి తేల్చడానికి భర్త, అక్క దిగిన సాయంత్రమే అందరినీ కూర్చోబెట్టి ఒక మాట చెప్పాడు. "అక్క ఇంటి కప్పు పూర్తయ్యేలోపు ఇది బయటికెళ్ళడం నేర్చుకుందా, ఇక్కడే ఉంటుంది. లేదా, అక్కతో వెళ్తుంది. అక్కకి పెరడుంది, ఎక్కడ పోసినా అడిగేవాళ్ళు లేరు."

నాకేంరా, ఇప్పుడే సంచిలో వేసుకుంటాను అంది వదిన. ఇద్దరూ నవ్వారు. అద్దాలమ్మ నవ్వలేదు. వదిన ఒళ్ళో పెంకి వెల్లకిలా పడుకుని ఉంది.

మర్నాటి నుంచి ఆమె దాన్ని పనిలా పట్టుకుంది. కొట్టు వెనక చిన్న దొడ్డి ఉంది. గాజు కొట్టు దొడ్డి గనక నేలంతా పెంకులు. గోడవార ఒక మంచం వెడల్పు చోటు చూసుకుని, పైమట్టి తీసేసి, ఇసుక తెప్పించి, జల్లెడ పట్టి, మళ్ళీ చేత్తో గుప్పెడు గుప్పెడు తడిమి చూసి పోసింది. పెంకి లేవగానే ఎత్తుకుని అక్కడికి. తినగానే అక్కడికి. ఆడటం ఆపి నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరిగితే పరుగున అక్కడికి. ఏమీ లేకపోయినా రెండు గంటలకోసారి అక్కడికే. వెళ్ళిన ప్రతిసారీ అదే చోటు, అదే ఒక్క మాట, "కానీయ్." పని కాగానే, తోక ఇంకా పైకి లేవకముందే, ఉడికించిన గుడ్డు ముక్క నోట్లో పెట్టేది. లోపల పోస్తే అరిచేది కాదు, ముక్కు నేలకేసి రాసేది కాదు. గాజును తిడితే గీత సరిగ్గా పడుతుందా అనేది. ఏ పూట ఏ వేళకు వెళ్ళిందో, ఏం చేసిందో కొట్లో ఒక పగిలిన అద్దం మీద సబ్బుతో రాసుకునేది. కొలతలు రాసుకునే మనిషికి అది పెద్ద పని కాదు.

పది రోజుల్లో పెంకి దొడ్డి తలుపు దగ్గరికి వెళ్ళి తనంతట తనే కూర్చోవడం మొదలుపెట్టింది. ఆ రోజు అద్దాలమ్మ ముఖం చూడాలి. ఎవరికీ చెప్పలేదు గానీ, మధ్యాహ్నం దాకా ఈల వేస్తూనే ఉంది.

కానీ పని కాగానే కుక్కపిల్ల ఏం చేసేది? మూతి నాక్కుని, మెట్లెక్కి, నేరుగా వదిన దగ్గరికి పోయేది.

వదిన దానికి చేసిందేమీ లేదు. కుర్చీలో కూర్చునేది, చిట్టీ అని పిలిచేది. పెంకి అన్న పేరు ఆవిడ నోట ఒక్కరోజు రాలేదు. పిలవగానే అది చెవులు వెనక్కి వాల్చి, నడుం అటూ ఇటూ తిప్పుకుంటూ వచ్చి ఒళ్ళో ఎక్కేది. చెవి వెనక గోకేది, పొట్ట నిమిరేది, తను పాలలో ముంచుకున్న బిస్కెట్టులో సగం దాని నోట్లో పెట్టేది. వేళా పాళా లేదు. ఇంత మాత్రానికి కుక్కపిల్ల ఆవిడ చెప్పు ఎక్కడుంటే అక్కడ. అద్దాలమ్మ పేరు పెట్టి పిలిస్తే తల తిప్పి చూసి, ఇప్పుడేం అవసరం లేదన్నట్టు మళ్ళీ పడుకునేది. ఇసుక జల్లెడ పట్టిన చేతికి దక్కింది గుడ్డు ముక్క కోసం ఒక నాకుడు. బిస్కెట్టు చేతికి దక్కింది ఒంటి బరువంతా.

ఒకరోజు పక్క వరసలో కుట్టుపని చేసే ఆవిడ నిలువుటద్దం కోసం వచ్చింది. వదిన మెట్ల మీద కూర్చుని పెంకిని చూపిస్తూ, మేం దీనికి గంటకోసారి బయటికి అలవాటు చేశామమ్మా, ఓపిక ఉండాలి అని చెబుతోంది. ఆ "మేం" అద్దాలమ్మకు అరికాల్లో గాజు ముక్కలా దిగింది. చేతిలో ఉన్న పలక వంకరగా పగిలింది. ఇరవై రెండేళ్ళలో పరాయివాళ్ళ ముందు పలక పాడవడం అదే మొదలు.

ఇంతలో ఇంకో చిక్కు. దొడ్డిలో ఎంత చక్కగా చేసినా, పైన ఇంట్లో నడవ మూల మాత్రం రోజూ తడి. వదిన గది గుమ్మానికి రెండడుగుల దూరంలో ఉన్న మూల అది. వేరే ఎక్కడా పోయదు. మంచాల కింద పోయదు, వంటింట్లో పోయదు, బూట్ల జోలికి మళ్ళీ పోలేదు. ఆ ఒక్క మూల. ఇందాకే కిందికి వెళ్ళి వచ్చినా సరే, అక్కడికి పోయి నాలుగు చుక్కలైనా వదిలి వచ్చేది.

ఆమె కడిగిన కడుగుడు అంతా ఇంతా కాదు. శుభ్రం చేయడంలో తనని మించిన వాళ్ళు లేరని ఆమెకు నమ్మకం, నిజం కూడాను. అద్దాల మీద జిడ్డూ వేలిముద్రలూ తుడవడానికి కొట్లో ఒక డబ్బాలో నీళ్ళు కలిపి ఉంచేది. నీళ్ళల్లో అమోనియా, ముక్కు అదిరే వాసన. దానితో తుడిచిన అద్దం ఉందో లేదో తెలియక మనుషులు వచ్చి గుద్దుకుంటారు. అదే డబ్బా పైకి తెచ్చి, మూలనంతా తడిపి, బ్రష్షుతో రుద్ది, పాత గుడ్డతో తళతళలాడేలా తుడిచేది. మర్నాడు మళ్ళీ అక్కడే తడి. మళ్ళీ ఇంకాస్త చిక్కగా కలిపి తుడిచేది.

కారణం ఆమెకు తెలిసిపోయింది. తెలిసిపోయిందనుకుంది. ఆ మూల ఉన్నది వదిన గుమ్మం పక్కన. వేళ తప్పి పాలూ బిస్కెట్లూ పెట్టేది వదిన. అది బయటికి పోవాల్సిన వేళలో ఒళ్ళో పడుకోబెట్టుకునేది వదిన. కొట్లోని పగిలిన అద్దం మీద ఇప్పుడు ఇంకో వరస మొదలైంది, ఏ పూట వదిన ఏం పెట్టిందో. రాసిన కొద్దీ సాక్ష్యం పెరుగుతున్నట్టే కనిపించింది. నేర్చుకోకపోతే వదినకే దక్కుతుంది గనక, ఆవిడ కావాలనే చేస్తోందేమో అని కూడా ఒక పూట అనిపించింది. ఆ ఆలోచనకి సిగ్గుపడింది గానీ, వదిలేయలేదు.

రెండు వారాలు దాటిన రోజు, భోజనాల దగ్గర, భర్త ఎదురుగానే అనేసింది. "వదినా, కప్పు పని అయ్యేదాకా దాన్ని ముట్టుకోకండి. పిలవకండి, ఏమీ పెట్టకండి. మీ గారాబం వల్లే అది నేర్చుకోవట్లేదు."

"సరే అమ్మాయ్. నీ పని నీకు తెలుసు" అంది వదిన.

పోట్లాడి ఉంటే బాగుండేది. అంత మెత్తగా ఒప్పుకోవడంతో అద్దాలమ్మకు ఒళ్ళు మండింది.

వదిన మాట నిలబెట్టుకుంది. గది తలుపు వేసుకునేది. నడవలో ఎదురుపడితే చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, ఆసుపత్రిలో నడిచినట్టు గోడవారగా వెళ్ళిపోయేది. పెంకి మూసిన తలుపు ముందు కూర్చునేది. తలుపు కింది సందులో ముక్కు పెట్టి లోపలి గాలి పీల్చేది. కాసేపటికి సన్నగా మూలిగేది. అద్దాలమ్మ నడవ చివర నిలబడి చూస్తుండేది. మూసి ఉన్న తలుపు కోసమైనా అది అంతసేపు కూర్చుంటుంది. తన కోసం కూర్చోదు. గుడ్డు ముక్క చూపించి పిలిస్తే వచ్చి తిని, మళ్ళీ అక్కడికే పోయేది.

ఇంతా చేస్తే మూలలో తడి తగ్గిందా అంటే, ఎక్కువైంది. మూడు రోజుల్లో ఐదుసార్లు. అక్కడ కప్పు పని వారంలో అయిపోతుందని మేస్త్రీ కబురు పంపాడు. భర్త పెంకిని పెట్టి పంపడానికి బుట్ట ఒకటి తెచ్చి మెట్ల కింద పెట్టాడు. ఆమె ఆ బుట్టను రోజుకు పదిసార్లు చూసేది.

మర్నాడు సెలూనుకు ఇవ్వాల్సిన పెద్ద అద్దం తయారైంది. గోడకు ఆనించి చివరిసారి అమోనియా నీళ్ళతో తుడుస్తుంటే, కిందికి కారిన నీళ్ళు నేల మీద చిన్న మడుగు కట్టాయి. పెంకి అప్పుడే దొడ్డిలో పని ముగించుకుని, గుడ్డు ముక్క తిని లోపలికి వచ్చింది. మడుగు దగ్గర ఆగింది. వాసన చూసింది. రెండుసార్లు చుట్టూ తిరిగింది. కూర్చుని, ఉన్న రెండు చుక్కలూ దాని మీద వదిలి, ఎంతో సవ్యమైన పని చేసినట్టు ఆమె ముఖంలోకి చూసింది, గుడ్డు ముక్క కోసం.

ఆమె చేతిలోని గుడ్డ వాసన చూసింది. పైకి వెళ్ళి, మోకాళ్ళ మీద వంగి, నడవ మూల వాసన చూసింది. రెండింటిదీ ముక్కు అదిరే ఒకటే వాసన. మనిషి ముక్కుకే అలా ఉంటే కుక్క ముక్కుకి ఎలా ఉంటుంది?

అయినా పని తెలిసిన మనిషి గనక, అనిపించగానే నమ్మేయలేదు. దొడ్డిలో రెండు ఇటుకలు దూరదూరంగా పెట్టింది. ఒకదాన్ని అమోనియా నీళ్ళతో, ఒకదాన్ని మంచి నీళ్ళతో తుడిచింది. పెంకిని వదిలింది. అది మంచి నీళ్ళ ఇటుకను దాటిపోయి అమోనియా ఇటుక మీద పోసింది. మధ్యాహ్నం ఇటుకల చోటు మార్చి చూసింది. సాయంత్రం కొత్త ఇటుకలతో చూసింది. మూడుసార్లూ అదే. కుక్క ఉచ్చలో ఉండే ఘాటే ఆ డబ్బాలోనూ ఉంది. మూడు వారాలుగా రోజూ తన చేత్తో తనే ఆ మూలలో ఇదే నీ చోటు అని రుద్ది రుద్ది చెబుతూ వచ్చింది. కుక్కపిల్ల పాపం చెప్పినట్టల్లా విన్నది.

ఆ నిజం తెలిసినప్పుడు ఆమెకు మొదట కలిగింది సంతోషం కాదు. వదినకు తెలియకూడదు అన్న భయం.

మాట పైకి రానీయకుండా పని చేసుకుపోయింది. మూలను వేడినీళ్ళూ సబ్బుతో కడిగి, వెనిగర్ పోసి, ఆరబెట్టి, మళ్ళీ కడిగింది. పెంకి తిండి గిన్నె తీసుకొచ్చి సరిగ్గా ఆ మూలలోనే పెట్టింది, తినే చోట ఏ కుక్కా పాడు చెయ్యదని. అమోనియా డబ్బా మళ్ళీ మెట్లెక్కలేదు.

ఆ రోజు నుంచి మూల పొడి. రెండో రోజు పొడి, మూడో రోజు పొడి. నాలుగో రోజు భర్త మెట్ల కింది బుట్ట తీసి ఎవరికో ఇచ్చేశాడు. నువ్వన్నదే నిజమైంది, అక్క గారాబమే దాన్ని చెడగొట్టింది అన్నాడు. పక్కనే ఉన్న వదిన కూడా తలూపింది. నిజమేరా, నాకు చేతులు ఊరుకోవు అంది.

అద్దాలమ్మ వాళ్ళను అలాగే అనుకోనిచ్చింది. గెలిచింది. కుక్కపిల్ల తనది. అయితే ఆ తనదైన కుక్కపిల్ల ఇప్పటికీ మూసిన తలుపు ముందే కూర్చుంటోంది.

కప్పు పూర్తయింది. వదిన వెళ్ళే రోజు పొద్దున వాకిట్లో టాక్సీ ఆగింది. రెండు సంచులూ కొట్లోకి దిగాయి. భర్త డ్యూటీకి పోయాడు. అద్దాలమ్మ బల్ల ముందు ఉంది, చేతిలో కట్టర్, కింద గీయని పలక. వదిన సంచి తీసుకోబోతే పెంకి వచ్చి ఆవిడ కాళ్ళ మధ్య దూరింది. ఆవిడ రెండు చేతులూ గాల్లోకి ఎత్తేసింది, వేడి గిన్నె తగిలినట్టు.

"ఇప్పుడైనా ముట్టుకోవచ్చా అమ్మాయ్? వెళ్ళిపోతున్నానుగా" అంది.

కోసిన పలక చట్రంలో ఇమడకపోతే, ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా అద్దాలమ్మ మీ చట్రం వంకర అని ఎవరితోనూ అనలేదు. కొలత తనదైతే తప్పు తనదే అని అక్కడికక్కడ చెప్పి కొత్త పలక కోసిచ్చేది. ఆ అలవాటే ఇప్పుడు ఊరుకోనివ్వలేదు. కట్టర్ కింద పెట్టింది.

"ముట్టుకోండి. మీ బిస్కెట్ల వల్ల కాదు వదినా. నా అమోనియా నీళ్ళ వల్ల." డబ్బా చూపించింది, ఇటుకల సంగతి చెప్పింది. నాలుగు ముక్కల్లో అయిపోయింది.

వదిన డబ్బా వాసన చూసి ముక్కు చిట్లించింది. "అంటే ఇన్నాళ్ళూ ఉత్తినే చేతులు కట్టుకు తిరిగానా?"

"అవును."

"నీకెప్పుడు తెలిసింది?"

ఇదీ అసలు ప్రశ్న. "వారమైంది" అంది అద్దాలమ్మ, నేల చూస్తూ.

వదిన సంచి మీదే కూర్చుండిపోయింది. చిట్టీ అనకముందే అది ఒళ్ళో ఉంది. ఆవిడ మెడలో మూతి దూర్చి, గడ్డం, చెవులు, కళ్ళద్దాలు అన్నీ నాకేసింది. బయట టాక్సీ డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. ఎవరూ పట్టించుకోలేదు. వదిన, నేనంటే నీకంత కోపమా అని అడిగింది.

"కోపం కాదు. ఈర్ష్య" అంది అద్దాలమ్మ. చెప్పాక కూడా అది పోలేదు. ఎదురుగా ఆ నాకుడు జరుగుతూనే ఉంది మరి.

వదిన కళ్ళద్దాలు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. రోజూ పొద్దున్నే నువ్వు దీన్ని కిందికి తీసుకెళ్తుంటే నీ భుజం మీద తలపెట్టి కళ్ళు మూసుకునేది, నా దగ్గర ఒక్కరోజు అలా పడుకోలేదు, అది చూసి నాకూ కడుపు మండేది అంది. అద్దాలమ్మ సగమే నమ్మింది. నిజమో కాదో చూద్దామని మర్నాడు ఎత్తుకుని దిగుతుంటే పెంకి ఆమె చెవి కొరికింది.

ఆ రోజు మాత్రం వదిన పోతూ పోతూ ఒక్క సంగతి తేల్చుకుని పోయింది. కుక్కపిల్ల నేర్చుకుంది గనక తమ్ముడి మాట ప్రకారం ఇక్కడే ఉంటుంది, తగువు లేదు. కానీ చేతులు కట్టుకున్న రోజులకు బదులు ఆదివారం ఆదివారం వస్తుంది, బిస్కెట్లతో వస్తుంది, ఎవరూ ఏమీ అనకూడదు. అద్దాలమ్మ ఒప్పుకుంది. బిస్కెట్టు ఒక్కటే అని మాత్రం బేరం ఆడింది.

మొదటి ఆదివారం మెట్ల కింద వదిన గొంతు వినబడగానే పెంకి నిలువునా వణికింది. తోక ఊపడం కాదు, ఒళ్ళంతా ఊగింది. వదిన పై మెట్టు ఎక్కేసరికి పరుగెత్తి ఆవిడ పాదాల దగ్గర వెల్లకిలా పడి, మూలుగుతూ, అక్కడే గుమ్మంలో మడుగు చేసింది.

భర్త పేపరు దించి మళ్ళీనా అన్నాడు. వదిన మెట్టు మీదే ఆగిపోయి, నా వల్లేనేమో, వెళ్ళిపోనా అంది.

"మీ వల్లే. రండి" అంది అద్దాలమ్మ. ఐదు నిమిషాల కిందటే దాన్ని దొడ్డికి తీసుకెళ్ళి తీసుకొచ్చింది. ఇది నేర్వకపోవడం కాదని, సంతోషం పట్టలేక కారిందని, పెద్దదైతే పోతుందని భర్తకు చెప్పి, వేడినీళ్ళూ వెనిగరూ తెచ్చుకుని గుమ్మంలో కూర్చుంది.

లోపల కుర్చీలో అప్పుడే ఒడి నిండింది. బిస్కెట్టు పొట్లం చప్పుడు వినిపిస్తోంది. ఆ గుమ్మంలోంచి తను రోజుకు ఇరవైసార్లు వస్తుంది, పోతుంది. తనని చూసి ఒక్కసారి కూడా దానికి ఒక్క చుక్క కారలేదు. అద్దాలమ్మ గుడ్డ గట్టిగా పిండి, పొడిగా ఉన్న చోటు కూడా ఇంకోసారి తుడిచింది.